సెకనులో తొమ్మిది సెకన్ల పని

సంక్రాంతికి ఊరెళ్లే బస్సులకు బుకింగ్ తెరిచిన పూట ఏ టికెట్ల సైటుకైనా పరీక్షే. జనం ఒక్కసారిగా మీద పడతారు. సీట్ల లేఅవుట్ తెరుచుకోదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. తెర వెనక డ్యూటీలో ఉన్నవాళ్లకు వచ్చే కబురు మాత్రం ఎప్పుడూ ఒక్కటే: "డేటాబేస్ స్లో అయిపోయింది." జ్వరం వచ్చిందని తెలిసింది గానీ ఎందుకొచ్చిందో తెలియలేదు. నెమ్మదించింది చదవడం దగ్గరా, రాయడం దగ్గరా? ఉన్న పాతిక ముప్పై కలెక్షన్లలో ఏది సమయం తినేస్తోంది?

డేటాబేస్ మాంగోడీబీ అయితే, ఈ ప్రశ్నకు తొలి జవాబు చెప్పే బుల్లి పనిముట్టు ఒకటుంది. దాని పేరు మాంగోటాప్. గ్రాఫులుండవు, రంగులుండవు. టెర్మినల్‌లో పేరు కొట్టి ఎంటర్ నొక్కితే సెకనుకోసారి ఓ చిన్న పట్టిక పైకి జరిగిపోతూ ఉంటుంది. దాన్ని చదవడం రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. తప్పుగా చదవడం అంతకంటే తొందరగా వస్తుంది. ఈ వ్యాసమంతా ఆ రెండో సంగతి గురించే.

పేరు వెనక చిన్న వంశ చరిత్ర ఉంది. 1984లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న విలియం లెఫెబ్ర్ అనే విద్యార్థి యునిక్స్ కోసం టాప్ అనే ప్రోగ్రాం రాశారు. ప్రాసెసర్‌ని ఎక్కువగా వాడుకుంటున్న ప్రోగ్రాములు పై వరుసల్లో కనిపించేలా జాబితా చూపించడం దాని పని. నలభై ఏళ్లు దాటినా ఆ పేరుతో అదే పని చేసే ప్రోగ్రాం దాదాపు ప్రతి లైనక్స్ మెషీన్‌లోనూ దొరుకుతుంది. టాప్ ప్రోగ్రాములను వరసపెడితే మాంగోటాప్ కలెక్షన్లను వరసపెడుతుంది. మాంగోడీబీలో సమాచారం డాక్యుమెంట్ల రూపంలో ఉంటుంది. ఒక జాతి డాక్యుమెంట్లన్నీ కలిస్తే ఒక కలెక్షన్. సీట్లన్నీ ఒకచోట, ప్రయాణికులందరూ ఇంకోచోట అన్నమాట.

మన టికెట్ల సైటు ఊహలోదే అయినా, అలాంటి పూట తెర మీద కనిపించేది ఇంచుమించు ఇలా ఉంటుంది. అసలు తెర మీద శీర్షికలు ఇంగ్లీషులో ఉంటాయి.

కలెక్షన్ — మొత్తం — చదవడం — రాయడం
బస్సు.సీట్లు — 9140 ఎంఎస్ — 8985 ఎంఎస్ — 155 ఎంఎస్
బస్సు.ప్రయాణికులు — 38 ఎంఎస్ — 31 ఎంఎస్ — 7 ఎంఎస్
బస్సు.చెల్లింపులు — 21 ఎంఎస్ — 4 ఎంఎస్ — 17 ఎంఎస్

ఎంఎస్ అంటే మిల్లీసెకను, సెకనులో వెయ్యో వంతు. దోషి ఎవరో పసిపిల్లలైనా చెప్పేస్తారు. సీట్ల కలెక్షన్, అందులోనూ చదవడం. కానీ ఒక్క క్షణం ఆగి చూడండి. ఈ పట్టిక ఒక్క సెకనుకు సంబంధించింది. సెకనంటే వెయ్యి మిల్లీసెకన్లు. అందులో తొమ్మిది వేల చిల్లర ఎలా పట్టింది?

దీనికి జవాబు కావాలంటే ఈ అంకెలు పుట్టే చోటికి వెళ్లాలి. మాంగోటాప్ తనంతట తాను ఏదీ కొలవదు. కొలిచేది డేటాబేస్ సర్వరే. ఒక్కో కలెక్షన్ మీద ఎన్ని పనులు జరిగాయి, వాటికి మొత్తం ఎంత సమయం పట్టింది అనే లెక్కను సర్వర్ మొదలైన క్షణం నుంచీ తన మెమరీలో రాసుకుంటూ పోతుంది. సమయం మైక్రోసెకన్లలో ఉంటుంది. ఈ లెక్క పెరగడమే గానీ తరగడం ఉండదు. సర్వర్‌ని ఆపి మళ్లీ మొదలుపెడితేనే సున్నాకి వస్తుంది. అచ్చం మన ఇంటి కరెంటు మీటరే. మీటరు మీద ఉన్న అంకె ఏ నెల బిల్లూ కాదు. పోయిన నెల రీడింగు తీసేస్తే ఈ నెల వాడకం వస్తుంది. మాంగోటాప్ చేసేదీ అంతే. సర్వర్‌ని టాప్ అనే కమాండ్‌తో లెక్క అడుగుతుంది, సెకను ఆగి మళ్లీ అడుగుతుంది, రెండోదాన్లోంచి మొదటిది తీసేసి మిగిలినదాన్ని అచ్చేస్తుంది. ఇన్నేళ్లుగా ఎన్నో చోట్ల నమ్ముకుని వాడుతున్న పనిముట్టు అసలు పని ఓ తీసివేత లెక్క!

ఇందులో ఓ లాభం ఉంది. సర్వర్ ఈ లెక్కను ఎవరు అడిగినా అడగకపోయినా రాసుకుంటూనే ఉంటుంది కాబట్టి, మనం చూడటం వల్ల దాని మీద పడే అదనపు భారం లేనట్టే. అసలే సతమతమవుతున్న సర్వర్ మీద మరో బరువు పెట్టకుండా నాడి పట్టుకోవచ్చు.

ఇప్పుడు తొమ్మిది సెకన్ల సంగతి. సర్వర్ ఒకేసారి ఎందరికో జవాబిస్తుంది. ఒక్కో వినతికీ ఒక్కో సమయం పడుతుంది, అవన్నీ ఆ కలెక్షన్ ఖాతాలో కలుస్తాయి. ఒకే సెకనులో తొమ్మిది వినతులు మొదటి నుంచి చివరిదాకా పక్కపక్కనే నడిస్తే ఖాతాలో తొమ్మిది సెకన్లు పడతాయి. అంటే ఆ 9140ని వెయ్యితో భాగిస్తే వచ్చే 9.14 ఒక కొత్త కొలత. ఆ సెకనులో సగటున ఎన్ని పనులు లోపల నడుస్తున్నాయో అది చెబుతోంది. ఇది చిట్కా కాదు, గణితం. లోపల ఉన్నవాళ్ల సగటు సంఖ్య అంటే, వచ్చేవాళ్ల వేగాన్ని ఒక్కొక్కరు లోపల గడిపే సగటు సమయంతో హెచ్చించగా వచ్చేది. జాన్ లిటిల్ అనే శాస్త్రవేత్త దీన్ని 1961లో నిరూపించారు. అందుకే లిటిల్ సూత్రం అంటారు. బ్యాంకు క్యూకీ ఆసుపత్రి ఓపీకీ డేటాబేస్‌కీ ఒకే సూత్రం. మన సర్వర్‌లో నాలుగు ప్రాసెసర్ కోర్లు ఉన్నాయనుకుంటే, నాలుగు కుర్చీలకు సగటున తొమ్మిది మంది పోటీ పడుతున్నారని ఆ ఒక్క అంకె చెబుతోంది.

వెయ్యి దాటిందంటే ఏదో కొంప మునిగిందని కాదు. పెద్ద సర్వర్ల మీద అది రోజూ ఉండే సంగతే. అలాగే వెయ్యిలోపు ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మామూలు రోజుల్లో ఈ కలెక్షన్ అంకె ఎంత ఉంటుంది అన్నదే అసలైన గీటురాయి. పనిముట్టు ఆ సంగతి చెప్పదు. అన్నీ సవ్యంగా ఉన్న రోజున కూడా దాన్ని ఓ పది నిమిషాలు నడిపి ఫైలులో దాచుకున్నవాళ్లకే తెలుస్తుంది. చాలామంది దాచుకోరు.

ఇంకో తిరకాసు ఉంది. పట్టికలో సమయమే కనబడుతుంది, ఎన్నిసార్లు అన్నది కనబడదు. 8985 మిల్లీసెకన్ల చదవడం అంటే అరమిల్లీసెకను చొప్పున 18 వేల చదవడాలు కావచ్చు. లేదా ఒక్కోటి 219 మిల్లీసెకన్లు తిన్న 41 చదవడాలు కావచ్చు. మొదటిదైతే సర్వర్ ఆరోగ్యంగానే ఉంది, పాపం గిరాకీ ఎక్కువైంది. రెండోదైతే ప్రశ్న అడిగిన తీరులోనే లోపముంది. రెండింటికీ మందు వేరు. మొదటిదానికి బలమైన మెషీన్ కావాలి, రెండోదానికి బహుశా ఒక్క లైను చాలు. పట్టికలో మాత్రం రెండూ ఒకే వరుస!

సంఖ్య ఎక్కడికీ పోలేదు, మనకు చూపించలేదంతే. మాంగోటాప్‌ని జేసన్ రూపంలో అచ్చేయమని అడిగితే ప్రతి సమయం పక్కనా ఎన్ని పనులన్న లెక్క కూడా వస్తుంది. సమయాన్ని సంఖ్యతో భాగించడం ఇక మన పని. అందంగా సర్దిన పట్టిక దాచిపెట్టింది చూడటానికి ఒంపుల బ్రాకెట్లతో కిక్కిరిసిన జేసన్ అక్కరకొచ్చింది. కమాండ్ లైన్ పనిముట్లలో ఈ తంతు మామూలే. నా ఉద్దేశంలో ఆ సంఖ్య పట్టికలోనే ఉండాల్సింది.

మన కథలో 41 అని తేలిందనుకుందాం. సీట్ల కలెక్షన్‌లో రెండు లక్షల డాక్యుమెంట్లున్నాయి. ఫలానా బస్సు, ఫలానా తేదీ సీట్లు కావాలని అడిగిన ప్రతిసారీ సర్వర్ ఆ రెండు లక్షలనూ మొదటి నుంచి చివరిదాకా తిరగేస్తోంది, ఆ రెండు వివరాల మీద ఇండెక్స్ లేదు కాబట్టి. ప్రశ్నకు ఎక్స్‌ప్లెయిన్ అని తగిలించి అడిగితే, తాను ఏ దారిన వెళ్లిందో సర్వరే చెబుతుంది. జవాబులో కాల్‌స్కాన్ అని ఉంటే కలెక్షన్ మొత్తం తిరగేశానని ఒప్పుకున్నట్టు. ఇక్స్‌స్కాన్ అని ఉంటే ఇండెక్స్ పట్టుకుని వెళ్లినట్టు. ఇండెక్స్ అంటే ఆ వివరాల్ని వరసలో పెట్టిన జాబితా. అలాంటి జాబితాని సగానికి సగం తెంచుకుంటూ వెతికితే రెండు లక్షల్లో ఒకటి దొరకడానికి 18 అడుగులు చాలు. ఇండెక్స్ వాడే బీ-ట్రీ అమరికలో ఒక్కో మెట్టు దగ్గర ఎన్నో కొమ్మలుంటాయి కాబట్టి దిగాల్సిన మెట్లు అంతకన్నా చాలా తక్కువ.

ఇండెక్స్ కట్టాక పట్టికలో చదవడం గడి వేలల్లోంచి పదుల్లోకి పడిపోతుంది. దాని పక్కన రాయడం గడి మాత్రం కాస్త పెరగవచ్చు. సీటు బుక్కయిన ప్రతిసారీ డాక్యుమెంటుతో పాటు, మారిన వివరం మీద ఇండెక్స్ ఉంటే దాన్నీ దిద్దాలి మరి. చదవడం తేలికైనప్పుడు ఆ ఖర్చు రాయడం మోస్తుంది. ఈ బేరం ఎంతకు కుదిరిందో పక్కపక్క గడుల్లో చూడగలగడం మాంగోటాప్ ఇచ్చే అరుదైన సౌకర్యం.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. చదవడం, రాయడం అనగానే డిస్కు గుర్తొస్తుంది. మాంగోటాప్ చూపే సమయానికీ డిస్కుకీ నేరుగా లంకె లేదు. మాంగోడీబీ లోపల డేటాను దాచే వైర్డ్‌టైగర్ అనే ఇంజన్ 2015 చివర్లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి అందరికీ తనంతట తానే వస్తోంది. అది మెషీన్ మెమరీలో ఒక గిగాబైటు తీసేసి మిగిలినదాంట్లో సగాన్ని తన క్యాష్‌గా, అంటే డేటాని చేతికందేలా ఉంచుకునే చోటుగా పట్టుకుంటుంది. 16 గిగాబైట్ల మెషీన్‌లో అది ఏడున్నర. మన రెండు లక్షల సీట్ల డాక్యుమెంట్లు అందులో ఓ మూలకు సరిపోతాయి. అంటే తొమ్మిది సెకన్ల చదవడం జరుగుతున్నంతసేపూ డిస్కు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుని ఉండొచ్చు. సమయమంతా ప్రాసెసర్ దగ్గర కరిగిపోతోంది. ఈ తేడా తెలియక వేగమైన డిస్కులు కొన్నా ఫలితముండదు.

డిస్కు దగ్గరికి వెళ్లాల్సి వచ్చినప్పుడు మాత్రం కథ మారిపోతుంది. మెమరీలో ఉన్నదాన్ని అందుకోవడానికి ఇంచుమించు వంద నానోసెకన్లు, అంటే సెకనులో కోటో వంతు. మంచి ఎస్‌ఎస్‌డీ నుంచి తెచ్చుకోవడానికి దానికి వెయ్యి రెట్లు. పాతకాలపు తిరిగే డిస్కయితే ఇక చెప్పనక్కర్లేదు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకి ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావాల్సిన చోటు తల కిందికి రావడానికి సగటున అందులో సగం ఆగాలి, తల అక్కడిదాకా జరగడానికి పట్టే సమయం వేరే. అలా ఎక్కడెక్కడో ఉన్న ముక్కల్ని ఏరుకొస్తే సెకనుకు వంద దగ్గరే ఆగిపోతుంది. డేటా క్యాష్‌లో పట్టనంతగా పెరిగిన రోజున, ప్రశ్న అదే, ఇండెక్స్ అదే, మాంగోటాప్‌లో అంకె మాత్రం ఎగిరిపడుతుంది.

రాయడం సంగతి మరీ తమాషాగా ఉంటుంది. సీటు బుక్కయింది అని సర్వర్ రాసుకున్నప్పుడు ఆ రాత ముందు క్యాష్‌లో పడుతుంది. మార్పు ఫలానా అని జర్నల్ అనే చిట్టాలోకి ఎక్కుతుంది. ఆ చిట్టాని మామూలుగా వంద మిల్లీసెకన్లకోసారి డిస్కుకు చేరుస్తారు. అసలు డేటా ఫైళ్లలోకి చేరేది నిమిషానికోసారి జరిగే చెక్‌పాయింట్‌లో. కాబట్టి మాంగోటాప్‌లో రాయడం గడి నిలకడగా నడుస్తున్న వేళ, పక్క టెర్మినల్‌లో లైనక్స్ వారి ఐఓస్టాట్ నడిపితే డిస్కు రాతలు నిమిషానికోసారి ఉప్పెనలా లేచి పడటం కనిపించవచ్చు. ఒకే డేటాబేస్, ఒకే క్షణం, రెండు వేర్వేరు సాక్ష్యాలు. రెండూ నిజమే. ఒకటి గుమ్మం దగ్గర నిలబడి చెబుతోంది, ఇంకోటి దొడ్డిదారి దగ్గర.

ఈ రెండింటికీ మధ్యలో జరిగేది చూడాలంటే మాంగోటాప్ తోబుట్టువు మాంగోస్టాట్ ఉంది. అందులో డర్టీ అనే గడి, క్యాష్‌లో మారిపోయి ఇంకా డిస్కుకు చేరని భాగం ఎంత శాతమో చెబుతుంది. మామూలు అమరికలో అది 5 శాతం దాటగానే సర్వర్ వెనక ఉన్న పనివాళ్లతో ఖాళీ చేయించడం మొదలుపెడుతుంది. 20 శాతానికి చేరిందా, ఇక లాభం లేదని ప్రశ్నలకు జవాబివ్వాల్సిన థ్రెడ్లనే ఈ ఊడ్పు పనిలోకి దింపుతుంది. అప్పుడు టికెట్ కోసం వచ్చినవాళ్ల పని ఆగి ముందు క్యాష్ ఊడవడం నడుస్తుంది. మాంగోటాప్‌లో చూసేవాళ్లకు రాతలతో సంబంధం లేని కలెక్షన్లలో కూడా చదవడం నెమ్మదించినట్టు కనబడుతుంది. కారణం వెతుక్కుంటూ ఆ కలెక్షన్లలోకే వెళితే తెల్లారినా ఏమీ దొరకదు.

మాంగోటాప్ అడిగే టాప్ కమాండ్ జవాబుని విప్పి చూస్తే చదవడానికి రీడ్‌లాక్ అనీ, రాయడానికి రైట్‌లాక్ అనీ పేర్లుంటాయి. పాత ఇళ్లలో ఎప్పుడో తీసేసిన తలుపుల మేకుల్లాగే ఇవీ మిగిలిపోయాయి. 2012లో 2.2 వెర్షన్ వచ్చేదాకా మాంగోడీబీ సర్వర్ మొత్తానికీ ఒకే తాళం. ఒకరు రాస్తుంటే మిగతావాళ్లు ఆగాల్సిందే. తర్వాత డేటాబేస్‌కో తాళం, ఆ తర్వాత 3.0లో కలెక్షన్‌కో తాళం అయ్యాయి. వైర్డ్‌టైగర్‌తో ఒకే డాక్యుమెంటు మీద పోటీ పడితే తప్ప రాతలు కూడా ఒకదాని పక్కన ఒకటి నడిచే రోజులొచ్చాయి. రాయడం గడి కూడా వెయ్యి దాటగలగడం ఆ మార్పు పుణ్యమే.

వాడేవాళ్లు తెలుసుకోవాల్సిన మెలికలు మరికొన్ని ఉన్నాయి. వాటిలో నన్ను ఎక్కువ ఆకట్టుకునేది ఒకటుంది. సర్వర్ ఒక పని సమయాన్ని ఖాతాలో వేసేది ఆ పని పూర్తయ్యాకే. ఎవరో ఏడాది లెక్కలన్నీ కూడమని ఓ భారీ ప్రశ్న వదిలారనుకోండి. అది నలభై సెకన్లు నడిచినంతసేపూ మాంగోటాప్‌లో దాని ఊసే ఉండదు. సర్వర్ మాత్రం ఆపసోపాలు పడుతూ ఉంటుంది. నలభై ఒకటో సెకనులో ఆ కలెక్షన్ పక్కన ఉన్నట్టుండి నలభై వేల మిల్లీసెకన్లు ప్రత్యక్షమవుతాయి. అప్పటికి కారకుడు వెళ్లిపోయాడు. ఇలాంటివాళ్లను పని మధ్యలో పట్టుకోవాలంటే అడగాల్సింది కరెంట్‌ఆప్ అనే కమాండ్‌ని. ఈ క్షణాన లోపల ఏమేం నడుస్తున్నాయో, ఎంతసేపటి నుంచో అది చెబుతుంది. వెళ్లిపోయినవాళ్ల జాడ సర్వర్ లాగ్‌లో దొరుకుతుంది. మామూలు అమరికలో వంద మిల్లీసెకన్లు దాటిన ప్రతి పనినీ నెమ్మదైనదిగా లెక్కగట్టి అక్కడ రాసిపెడతారు.

పేరు తర్వాత ఓ అంకె పెడితే, ఉదాహరణకు మాంగోటాప్ 15 అంటే, పదిహేను సెకన్లకోసారి పట్టిక వస్తుంది. రాత్రంతా నడిపి ఫైలులో పెట్టుకోవడానికి అది బాగుంటుంది, రెండు సెకన్ల ఉప్పెనను పట్టడానికి పనికిరాదు. డేటాని చాలా సర్వర్లకు పంచిన చోట, దారి చూపే మాంగోఎస్ మీద ఇది పనిచేయదు. ఒక్కో సర్వర్‌నీ విడిగా పలకరించాలి. పట్టికలో లోకల్.ఆప్‌లాగ్.ఆర్‌ఎస్ అనే వరుస కనిపిస్తే అది మీ కలెక్షన్ కాదు. అసలు సర్వర్‌లోని మార్పులను నకలు సర్వర్లు చదువుకుపోయే చిట్టా అది.

అనుమతుల విషయంలో ఈ పనిముట్టు మర్యాదస్థురాలు. దీనికి క్లస్టర్‌మానిటర్ అనే చూపు-మాత్రమే హోదా చాలు. కలెక్షన్ల పేర్లు, సమయాలు తప్ప ప్రయాణికుల పేర్లు గానీ ఫోన్ నంబర్లు గానీ దీనికి కనిపించవు. రాత్రి డ్యూటీకి కొత్తగా చేరిన కుర్రాడికి అయినా నిశ్చింతగా ఇవ్వవచ్చు.

మిగతా డేటాబేస్‌లకూ తమ తమ మీటర్లున్నాయి. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి సిస్ అనే స్కీమాతో ఇలాంటి లెక్కలే ఇస్తోంది. పోస్ట్‌గ్రెస్ 2023లో వచ్చిన 16వ వెర్షన్‌లో పీజీ స్టాట్ ఐఓ అనే పట్టికను చేర్చింది. చదవడాలు, రాయడాలు ఎవరి తరఫున ఎన్ని జరిగాయో అందులో ఉంటుంది. అయితే అందులో సమయం గడులు మొదట్లో సున్నాలే చూపిస్తాయి. డిస్కు పనికి పట్టిన సమయాన్ని కొలిచే ట్రాక్ ఐఓ టైమింగ్ అనే మీటను పోస్ట్‌గ్రెస్ వాళ్లు కావాలనే ఆపి ఉంచారు. ఎన్నిసార్లో లెక్కపెట్టడం చౌక, ఒకటి కలిపితే సరి. ఎంతసేపో చెప్పాలంటే పనికి ముందొకసారి, తర్వాతొకసారి ఆపరేటింగ్ సిస్టంని గడియారం అడగాలి. చాలా మెషీన్ల మీద అది పదుల నానోసెకన్లలో తేలిపోయే పనే గానీ, కొన్నింటి మీద బాగా బరువు. మీ మెషీన్ ఏ రకమో తెలుసుకోవడానికి పోస్ట్‌గ్రెస్‌తో పాటే పీజీ టెస్ట్ టైమింగ్ అనే మరో కమాండ్ లైన్ పనిముట్టు వస్తుంది. కొన్ని సెకన్ల పాటు ఊపిరి తిప్పుకోకుండా గడియారాన్ని అడిగి, ఒక్కసారి అడగడానికి సగటున ఎన్ని నానోసెకన్లు పట్టిందో చెబుతుంది. మీట వేయాలా వద్దా అన్నది ఆ అంకె చూశాక తేల్చుకోవచ్చు.